అటకలో కరెంటు కేబుళ్లు: పైపు సంగతి తర్వాత, ముందు దారి తేల్చుకోండి

ప్రశ్న: మాది చెక్క దూలాల మీద కట్టిన ఇల్లు. ఏటవాలు కప్పుకీ కింద సీలింగ్‌కీ మధ్య అటక ఉంది. పైకి వెళ్లడానికి మెట్లు లేవు, హాల్లో ఒక చిన్న మూత తీసి నిచ్చెన వేసుకుని ఎక్కాలి. కింద రెండు గదుల్లో లైట్లు, ఫ్యాన్లు, ఒక గదిలో రూమ్ హీటర్‌కి సాకెట్ కొత్తగా కావాలి. గోడలు పగలగొట్టడం ఇష్టం లేక అటక మీదుగా కేబుల్ లాగిద్దామనుకుంటున్నాం. పైకెక్కి చూస్తే పాత కేబుళ్లు దూలాల మీద అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి, ఒకచోట టేపు చుట్టిన జాయింట్ కూడా కనిపించింది. వచ్చే నెల అటకలో వేడి, చలి ఆపే ఇన్సులేషన్ మందంగా వేయిస్తున్నాం. కొత్త కేబుళ్లను అలా పైనే వదిలేయొచ్చా, లేక పైపుల్లో వేయాలా? ఇన్సులేషన్ కింద ఉండాలా, పైన ఉండాలా? ఎలుకల బెడద కూడా ఉంది. ఈ పని మేమే చేసుకోవచ్చా?

సమాధానం: మీరు అడిగినవాటికి వరసగా చెప్తాను కానీ, అడగకుండా మాటవరసకి చెప్పినదానితో మొదలుపెట్టాలి. ఆ టేపు జాయింట్. కొత్త పని ఎప్పుడు మొదలైనా సరే, ఆ జాయింట్ ఏ సర్క్యూట్ మీద ఉందో కనుక్కుని బోర్డులో దాని ఎంసీబీ (బ్రేకర్) ఇవాళే దించేయండి, బాగుచేయించేదాకా మళ్లీ ఎత్తకండి. రెండు వైర్లు మెలేసి టేపు చుట్టిన చోట పట్టు ఎప్పుడూ గట్టిగా ఉండదు. లోడు పడ్డప్పుడల్లా అక్కడ కాస్త వేడెక్కుతుంది, ఆరుతుంది, ఆ వ్యాకోచ సంకోచాలకి మెలిక ఇంకా వదులవుతుంది, వదులైన కొద్దీ రెసిస్టెన్స్ పెరిగి ఇంకా వేడెక్కుతుంది. అటక వేడికి టేపు జిగురు ఎండిపోయి ఊడిపోవడం మామూలే. ఇందులో దారుణం ఏంటంటే ఎంసీబీకి ఇదేమీ తెలియదు, ఎందుకంటే కరెంటు పరిమితి దాటడం లేదు, మామూలుగానే పోతోంది, జాయింట్ దగ్గర మాత్రం నిప్పు రాజుకునేంత వేడి పుట్టొచ్చు. ఇప్పుడు దాని మీద మీరు మందంగా ఇన్సులేషన్ కప్పించబోతున్నారు! ఆ వేడి బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది, పైగా జాయింట్ ఎక్కడుందో ఇంక ఎవరికీ కనపడదు.

జాయింట్ అన్నది తప్పనిసరైతే సరైన కనెక్టర్లతో, మూత ఉన్న జంక్షన్ బాక్స్ లోపలే ఉండాలి, ఆ బాక్స్ చెక్కకి బిగించి ఉండాలి, కేబుల్ లోపలికి వెళ్లే చోట క్లాంపు ఉండాలి, ఇంట్లో ఏదీ పగలగొట్టకుండా ఆ బాక్స్ మూత తీయగలగాలి. ఈ చివరి మాట చాలా దేశాల నిబంధనల్లో ఉంది. ఇన్సులేషన్ కింద బాక్స్ మునిగిపోతుందనుకుంటే దాన్ని వాసం పక్కకి ఎత్తి బిగించమనండి, కుదరకపోతే పక్కనే ఉన్న వాసం మీద గుర్తు రాయండి. అసలు జాయింటే లేకుండా, బోర్డు నుంచి పాయింటు దాకా ఒకే ముక్కగా కేబుల్ లాగగలిగితే అంతకంటే మంచిది లేదు. నాలుగు మీటర్లు కేబుల్ ఎక్కువ పడుతుందని జాయింట్లు వేయడం దండగమారి పొదుపు.

ఇక అసలు విషయం. పైపు వేయాలా వద్దా అని చాలామంది మొదట అడుగుతారు. నా ఉద్దేశంలో అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, కేబుల్ ఏ దారిన వెళ్తుంది? దారి సరిగ్గా ఎంచుకుంటే చాలాచోట్ల అదనపు రక్షణే అక్కర్లేదు, దారి తప్పుగా ఉంటే పైపు వేసినా ఆ పైపు మీదే ఎవరో కాలేస్తారు. అటకలో కేబుల్‌కి వచ్చే ప్రమాదాలు గదిలో వచ్చేలాంటివి కావు. చీకట్లో వంగి పాకుతూ వెళ్లే మనిషి మోకాలు, ట్యాంకు బాగుచేయడానికో యాంటెన్నా బిగించడానికో వచ్చిన వాళ్ల బూటు, తర్వాతెప్పుడో ఎవరో అటకలోకి ఎక్కించిన బరువైన ట్రంకు పెట్టె, పైనుంచి కప్పు వేసేవాళ్లు కొట్టే మేకులు, వేసవి మధ్యాహ్నం వేడి, ఎలుక పళ్లు, ఇవీ శత్రువులు. కేబుల్ వేసేటప్పుడు వీటన్నిటికీ దూరంగా ఉండే దారి వెతకాలి.

అలాంటి దారి దాదాపు ప్రతి అటకలో ఉంటుంది. దూలం పై అంచు మీద కాకుండా దూలం పక్క ముఖం మీద, దాని పొడవునా వెళ్లడమే ఆ దారి. అడుగు పడేది పై అంచు మీదే కదా, పక్క ముఖానికి బిగించిన కేబుల్‌ని దూలమే కాపాడుతుంది. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ ఎన్ఈసీ కూడా ఇలా పక్కన, సమాంతరంగా వెళ్లే కేబుల్‌కి రక్షణ పట్టీలు అక్కర్లేదంటుంది, కాకపోతే చెక్క అంచు నుంచి కనీసం 32 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. ఆ 32 మిల్లీమీటర్ల లెక్క ఊరికే పెట్టింది కాదు, కింద సీలింగ్ బోర్డు బిగించే స్క్రూ, పైన పలకలు కొట్టే మేకు చెక్కలోకి దిగే లోతుకి దాటి ఉండాలని.

దూలాలకి అడ్డంగా వెళ్లాల్సి వచ్చినప్పుడే చిక్కు. మీ పాత కేబుళ్లు పడి ఉన్నది అలాగే. అడ్డంగా పై అంచుల మీద వెళ్తే రెండు పక్కలా కేబుల్ ఎత్తుకి తగ్గకుండా చెక్క పట్టీలు కొట్టాలి, అప్పుడు కాలు పడినా బరువు పట్టీల మీదే పడుతుంది. ఎన్ఈసీ ప్రకారం మెట్లో స్థిరమైన నిచ్చెనో ఉన్న అటకలో దూలాల మీద అడ్డంగా వెళ్లే ప్రతి కేబుల్‌కీ, అటక నేల నుంచి 2.1 మీటర్ల ఎత్తు లోపల వాసాల ముఖం మీద అడ్డంగా వెళ్లేవాటికీ ఈ రక్షణ కావాలి. మీలాగా మూత మాత్రమే ఉన్న చోట మూత అంచు నుంచి 1.8 మీటర్ల లోపల ఈ రక్షణ ఉంటే చాలంటుంది. మీ ఇల్లు ఏ దేశంలో ఉన్నా అక్కడి నిబంధనే మీకు వర్తిస్తుంది, కానీ ఈ అంకెల వెనక తర్కం ఎక్కడైనా ఒకటే: ఎక్కగానే మనిషి చేతులు ఆనించేది, మోకాళ్లు ఆనించేది, సామాను పెట్టేది మూత చుట్టూనే. నేనైతే మీ విషయంలో 1.8 మీటర్లతో ఆగను. వచ్చే నెల ఇన్సులేషన్ వాళ్లు మూలమూలకీ పాకుతారు, దూలాల మీద కాళ్లు వేస్తూనే తిరుగుతారు, అందుకని అడ్డంగా వెళ్లే ప్రతిచోటా పట్టీలు కొట్టించండి. అంతకంటే తేలికైన ఉపాయం ఏంటంటే, అడ్డంగా దాటే చోటు ఒక్కటే పెట్టుకోవడం. అటక చివర, గోడ దగ్గర, కప్పు బాగా కిందికి దిగి మనిషి వెళ్లలేని చోట అన్ని కేబుళ్లూ అడ్డంగా దాటించి, అక్కడి నుంచి ఏ గదికి ఆ దూలం పక్కన తీసుకెళ్తే నడిచే భాగమంతా ఖాళీగా ఉంటుంది. కాకపోతే దాటేచోట వాటిని ఒకే మోపుగా కట్టకండి, కారణం కింద వేడి గురించి చెప్పేటప్పుడు చెప్తాను.

దూలాలకి రంధ్రాలు వేసి అందులోంచి తీసుకెళ్లొచ్చు కదా అంటారా, వెళ్లొచ్చు, అందంగా కూడా ఉంటుంది, కానీ ముందు అవి ఎలాంటి దూలాలో చూడాలి. మామూలు గట్టి కలప దూలమైతే రంధ్రం దాని లోతులో మూడో వంతు మించకుండా, పై అంచుకీ కింది అంచుకీ కనీసం 50 మిల్లీమీటర్లు దూరంగా వేసుకోవచ్చని అమెరికా గృహనిర్మాణ కోడ్ చెప్తుంది. రంధ్రం కన్నా అంచులో గాడి తీయడం ఎక్కువ ప్రమాదం, దూలం మధ్య మూడో వంతు పొడవులో అసలు తీయకూడదు, ఎందుకంటే బరువుకి దూలం వంగేటప్పుడు ఒత్తిడంతా ఆ అంచుల మీదే ఉంటుంది. ఒకవేళ రంధ్రం చెక్క ముఖానికి 32 మిల్లీమీటర్ల కంటే దగ్గరగా వచ్చిందంటే అక్కడ 1.6 మిల్లీమీటర్ల ఉక్కు పలక కొట్టాలి. అదే మీ కప్పు ఫ్యాక్టరీలో తయారై వచ్చిన ట్రస్సుల మీద ఉంటే, అంటే సన్నటి చెక్కలని త్రికోణాలుగా పళ్ల రేకులతో కలిపినవైతే, ఒక్క రంధ్రం కూడా వేయొద్దు, ఒక్క గాడి కూడా తీయొద్దు. వాటిలో ప్రతి చెక్కా లెక్క కట్టి అంతే మందం పెట్టింది, డిజైన్ చేసిన ఇంజనీరు ఒప్పుకోనిదే దాన్ని తాకే హక్కు ఎలక్ట్రీషియన్‌కి కూడా లేదు. కేబుల్‌ని పక్కన క్లిప్పులతో బిగించడానికి ఏ ఇబ్బందీ లేదు.

బిగించడం గురించి రెండు మాటలు. క్లిప్పులు కానీ స్టేపుల్స్ కానీ ఒకదానికొకటి 1.4 మీటర్ల ఎడం మించకుండా, బాక్స్‌కి 30 సెంటీమీటర్ల లోపల మరొకటి ఉండాలి. నేను ఇంకా దగ్గరగా వేయమంటాను, వేలాడే కేబుల్‌కే కాలు తట్టుకుంటుంది. సుత్తితో స్టేపుల్ గట్టిగా దించి కేబుల్ నొక్కుకుపోయేలా కొడితే పైతొడుగు తెగకపోయినా లోపలి తొడుగు చిట్లుతుంది, ఆ దెబ్బ వెంటనే బయటపడదు. స్టేపుల్ కింద కేబుల్ వేలితో లాగితే కొంచెం జరగాలి, అదీ కొలత. ఫ్లాట్ కేబుల్‌ని నిలువుగా అంచు మీద నిలబెట్టి కొట్టకండి. మలుపు దగ్గర మెలిపెట్టకుండా కేబుల్ వ్యాసానికి కనీసం ఐదు రెట్ల వ్యాసార్థంతో గుండ్రంగా తిప్పండి.

ఇంకో మాట, కప్పు పలకల అడుగు భాగానికి ఆనించి కేబుల్ బిగించొద్దు. పైన కప్పు మార్చినప్పుడు మేకులు ఆ పలకల్లోంచి కిందికి దిగుతాయి, మేకు కొట్టేవాడికి కింద ఏముందో కనపడదు. రేకుల కప్పు అయితే ఎన్ఈసీ 38 మిల్లీమీటర్ల ఎడం అడుగుతుంది, ఎలాంటి కప్పు అయినా అంత ఎడం పెట్టుకోవడం మంచిదే. పొగ గొట్టం, వేడి గాలి గొట్టం లాంటివాటికి కూడా దూరంగా తీసుకెళ్లండి.

ఇప్పుడు వేడి. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇన్సులేషన్ పైనా కిందా అన్నది, ఎందుకంటే అది అడగకుండానే కప్పించేసేవాళ్లు ఎక్కువ. కేబుల్‌లో కరెంటు వెళ్తే వేడి పుడుతుంది, ఆ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఆ వేడి చుట్టూ ఉన్న గాలిలోకి పోతేనే కేబుల్ చల్లగా ఉంటుంది. ఎండాకాలం అటకలో గాలే 50, 60 డిగ్రీల సెల్సియస్‌కి చేరుతుంది, ఇక కేబుల్ తన వేడి ఎవరికి ఇస్తుంది? దాని మీద ఇన్సులేషన్ కూడా కప్పితే దుప్పటి కప్పుకుని ఎండలో కూర్చున్నట్టే.

అంకెల్లో చూద్దాం. 12 గేజ్ రాగి కేబుల్, తొడుగు 90 డిగ్రీలు తట్టుకునే రకం, ఎన్ఈసీ పట్టికలో లెక్క మొదలయ్యేది 30 ఆంప్స్ దగ్గర. అటక 56 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటే దాన్ని 0.71తో గుణించాలి, 21.3 వస్తుంది. ఫర్వాలేదు, 20 ఆంప్స్ బ్రేకర్‌కి సరిపోయింది. అదే అలాంటి కేబుళ్లు మూడు, మధ్యలో ఎడం లేకుండా ఇన్సులేషన్‌కి తగులుతూ కలిసి వెళ్తే, కరెంటు మోసే వైర్లు ఆరు అవుతాయి కాబట్టి మళ్లీ 0.8తో గుణించాలి, 17 ఆంప్స్. సాకెట్లకి పెట్టిన 20 ఆంప్స్ బ్రేకర్ అప్పుడు ఆ కేబుల్‌ని కాపాడలేదు. మోపుగా కట్టొద్దన్నది ఇందుకే. కేబుల్ మందం మారలేదు, రకం మారలేదు, వేసిన తీరు వల్లే దాని సత్తువ తగ్గింది.

బ్రిటన్‌లో వాడే వైరింగ్ ప్రమాణం బీఎస్ 7671 పట్టికలు మీ ప్రశ్నకి ఇంకా సూటిగా జవాబు చెప్తాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల ఫ్లాట్ కేబుల్ చెక్కకి బిగించి గాలి తగిలేలా ఉంటే 27 ఆంప్స్ మోస్తుంది. అదే కేబుల్ సీలింగ్ బోర్డు మీద ఉండి పైన 100 మిల్లీమీటర్ల లోపు ఇన్సులేషన్ ఉంటే 21. ఇన్సులేషన్ 100 మిల్లీమీటర్లు దాటితే 17. అర మీటరు మించిన పొడవు పూర్తిగా ఇన్సులేషన్ మధ్యలో, ఏ బోర్డుకీ చెక్కకీ తగలకుండా మునిగిపోతే సగానికి సగం, 13.5. ఇవన్నీ చుట్టూ 30 డిగ్రీలున్నప్పటి లెక్కలు, మీ అటక అంతకంటే వేడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. మధ్యలో మునగడం ఎందుకంత చెడ్డదంటే, బోర్డుకి ఆని ఉన్న కేబుల్ కనీసం కింది గది వైపుకి కొంత వేడి వదులుతుంది, చుట్టూ ఇన్సులేషనే ఉన్నప్పుడు ఆ అవకాశం కూడా లేదు.

కాబట్టి జవాబు: వీలైతే ఇన్సులేషన్ పైన, దూలం పక్క ముఖానికో వాసానికో బిగించి, గాలి తగిలేలా. దూలాల ఎత్తు మించి ఇన్సులేషన్ వేస్తున్నారంటే దూలం పక్కనున్న కేబుల్ మునిగిపోతుంది, అప్పుడు దాన్ని చెక్కకి ఆనించి ఉంచండి, లెక్క తగ్గించిన అంకెతో వేయండి, అంటే ఒక సైజు మందం కేబుల్ తీసుకోండి లేదా బ్రేకర్ చిన్నది పెట్టండి. లైట్లకీ ఫ్యాన్లకీ పోయే కరెంటు చాలా తక్కువ, అవి మునిగినా లెక్కలో సమస్య రాదు. హీటర్ కేబుల్ దగ్గరే జాగ్రత్త. మీ పాత కేబుళ్లకి కూడా ఇదే లెక్క చూడాలి, ఎందుకంటే అవి వేసినప్పుడు పైన ఇంత ఇన్సులేషన్ లేదు. అమెరికాలో 1984 కోడ్ వచ్చాకే ఇళ్ల ఫ్లాట్ కేబుళ్లలో 90 డిగ్రీల వైర్లు తప్పనిసరి అయ్యాయి, అంతకు ముందువి చాలావరకు 60 డిగ్రీల రకమే, అలాంటివి వేడి అటకలో ఇన్సులేషన్ కింద ఉండకూడదు. పింగాణీ ఇన్సులేటర్ల మీద విడివిడిగా కట్టిన మరీ పాత వైరింగ్ కనిపిస్తే ఆ చోట ఇన్సులేషన్ వేయడమే ఎన్ఈసీ ప్రకారం నిషిద్ధం, ముందు అది మార్చాలి.

ఇన్సులేషన్ రకం కూడా అడిగి తెలుసుకోండి. థర్మాకోల్ షీట్లయితే పీవీసీ కేబుల్‌కి నేరుగా తగలనివ్వకండి. పీవీసీని మెత్తగా ఉంచే పదార్థం నెమ్మదిగా థర్మాకోల్‌లోకి పోయి, కొన్నేళ్లకి తొడుగు పెళుసుబారి వంచితే పగిలేలా తయారవుతుంది. సీలింగ్‌లో దిగిన గుండ్రటి లైట్లు ఉంటే వాటి మీద ఇన్సులేషన్ కప్పొచ్చని రాసి ఉన్న రకమేనా చూడండి, కాకపోతే చుట్టూ 75 మిల్లీమీటర్లు ఖాళీ వదిలి పైన కూడా కప్పకుండా ఉంచాలి.

పైపు గురించి ఇప్పుడు మాట్లాడొచ్చు. దారి సరిగ్గా ఉన్నచోట పైపు అవసరం లేదు. మూత చుట్టుపక్కల, సామాను పెట్టే చోట, దూలం పక్కనుంచి కేబుల్ బయటికొచ్చి కిందికి దిగే చోట, ఎలుకలు తిరిగే దారిలో, పైపు వేయడం మంచిది. ఉక్కు పైపైతే తొక్కుడుకీ ఎలుకకీ రెంటికీ పనికొస్తుంది, దానికి ఎర్త్ కలపడం మరవకూడదు. ప్లాస్టిక్ పైపు తొక్కుడుని ఆపుతుంది, ఎలుకని అంతగా ఆపదు. పైపు కోసిన చివర పదునుగా ఉంటుంది, గరుకు తీసి బుష్ (అంచుకి తొడిగే నున్నటి తొడుగు) పెట్టకపోతే కాపాడాల్సిన పైపే కేబుల్‌ని కోస్తుంది. ఒకే పైపులో ఐదారు కేబుళ్లు కుక్కితే మోపు కట్టినట్టే, వేడి లెక్క అక్కడా వర్తిస్తుంది. సాకెట్ దూరంగా ఉందని ఎక్స్‌టెన్షన్ వైరుని అటకలోంచి లాగి సీలింగ్‌లోంచి దింపుతారు కొందరు, అది మాత్రం వద్దే వద్దు. కదిలే సామానుకి చేసిన వైరు అది, శాశ్వత వైరింగ్‌కి కాదు.

ఎలుకల విషయంలో కేబుల్ మార్చడం సగం పనే. ఎలుకకి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోవడానికి ఏది దొరికితే అది కొరుకుతుంది, పీవీసీ దానికి సులువు. చుంచెలుకకి 6 మిల్లీమీటర్ల సందు చాలు లోపలికి రావడానికి. కాబట్టి కప్పు అంచుల్లో, పైపులు బయటికెళ్లే చోట ఉన్న సందులు సన్నటి ఇనప జాలీతో, సిమెంటుతో మూయించండి, ఒట్టి ఫోమ్ కొట్టిస్తే దాన్నీ కొరికేస్తాయి. కప్పు గాలి రంధ్రాలు మాత్రం మూసేయకండి, జాలీ వేయండి చాలు. విషం పెట్టడం అటకలో మంచి ఆలోచన కాదు, ఇన్సులేషన్ కింద చచ్చిపడితే తీయలేరు, బోనులే మేలు. ఇక పాత కేబుళ్ల మీద పళ్ల గాట్లున్నాయేమో ఇన్సులేషన్ పడకముందే పొడవునా లైటు వేసి చూడాలి. రాగి కనిపించినా, లోపలి వైరు తొడుగు కనిపించినా ఆ ముక్క మార్చాల్సిందే, టేపు వేసి ఊరుకోవద్దు.

కేబుల్ గదిలోకి దిగే చోట గోడ పైచెక్కకి రంధ్రం వేస్తారు. ఆ రంధ్రం చుట్టూ సందుని నిప్పుని ఆపే సీలెంట్‌తో మూయించండి, లేకపోతే గోడలో మొదలైన మంటకి అది చిమ్నీలా అటకలోకి దారి ఇస్తుంది. ఒకే రంధ్రంలోంచి రెండు కంటే ఎక్కువ కేబుళ్లు దింపకండి. ఫ్యాన్లకి మామూలు లైటు బాక్స్ చాలదు, ఫ్యాన్ బరువుకీ అదురుకీ తట్టుకుంటుందని రాసి ఉన్న బాక్స్ తీసుకుని దూలానికే బిగించాలి, సీలింగ్ బోర్డుకి కాదు. ఇంటర్నెట్ కేబుల్ కూడా ఇప్పుడే లాగాలనుకుంటే కరెంటు కేబుల్‌కి కనీసం 50 మిల్లీమీటర్లు ఎడంగా వేయండి.

హీటర్‌కి బోర్డు నుంచి విడిగా ఒక సర్క్యూట్ లాగించండి. 120 వోల్టులున్న చోట 1500 వాట్ల హీటర్ 12.5 ఆంప్స్ తీసుకుంటుంది, 230 వోల్టుల చోట 2000 వాట్లది 8.7 తీసుకుంటుంది. అంకె చిన్నదిగా కనిపించినా హీటర్ గంటల తరబడి ఆగకుండా లాగుతుంది, అందుకే గంటల కొద్దీ నడిచే లోడుకి బ్రేకర్ అంకెలో 80 శాతం మించకూడదని ఎన్ఈసీ పద్ధతి. ఆ లెక్కన 15 ఆంప్స్ బ్రేకర్ మీద 12 దాటకూడదు, 1500 వాట్ల హీటర్ అక్కడే దాటేసింది. లైట్ల కేబుల్ నుంచి కొమ్మ తీసి హీటర్ సాకెట్ ఇస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

మీరే చేసుకోవచ్చా అన్నదానికి నా మాట సూటిగా చెప్తాను. కేబుల్ కలపడం, బోర్డులో పని, పాత జాయింట్ బాగుచేయడం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. చాలాచోట్ల చట్టం కూడా అదే అంటుంది, తనిఖీ, అనుమతి కూడా ఉంటాయి, బీమా వాళ్లు తర్వాత అడిగేదీ వాటినే. మీరు చేయగలిగింది చాలా ఉంది: దారి గీసుకోవడం, పట్టీలు కొట్టడం, నడవడానికి పలకలు వేయడం, సందులు మూయడం. ఎలక్ట్రీషియన్ ఒప్పుకుంటే కేబుల్ లాగి క్లిప్పులు కొట్టి, చివరలు ఏదానికీ కలపకుండా చుట్టి వదిలిపెట్టడం కూడా చేయొచ్చు.

పైకెక్కే ముందు మెయిన్ దించండి. సర్క్యూట్ ఒక్కటే దించితే చాలదా అంటే, పాత ఇంట్లో ఏ కేబుల్ ఏ బ్రేకర్ మీదుందో కాగితం మీద రాసింది నిజం కాకపోవచ్చు. టెస్టర్‌ని ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి పనిచేస్తోందో లేదో చూసుకుని, తర్వాత కేబుల్ మీద చూసి, మళ్లీ తెలిసిన చోట చూడాలి. మెయిన్ దించాక ఇంట్లో కరెంటు ఉన్న చోటు ఉండదు కాబట్టి, మీటర్ సరిచూడ్డానికి ఎలక్ట్రీషియన్లు బ్యాటరీతో నడిచే చిన్న పరికరం వాడతారు, లేదంటే ఆ పని మెయిన్ దించే ముందూ ఎత్తాకా చేస్తారు. అడుగు దూలాల మీదే పెట్టాలి, మధ్యలో సీలింగ్ బోర్డు మనిషి బరువు ఆపదు, నేరుగా గదిలోకి పడతారు. రెండు మూడు దూలాల మీద ఆనేలా ఒక పలక వేసుకుని దాని మీద కూర్చుని పని చేయండి. తెల్లవారుజామున ఎక్కండి, ఎండెక్కాక దిగిపోండి, 55 డిగ్రీల్లో వంగి పనిచేస్తే వడదెబ్బకి ఎంతోసేపు పట్టదు, కింద ఒక మనిషి పిలిస్తే పలికేలా ఉండాలి. ఎన్95 మాస్క్, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా. పాత ఇన్సులేషన్ బూడిదరంగులో మెరిసే చిన్న గుళికల్లా ఉంటే అది వెర్మిక్యులైట్ కావచ్చు, అందులో ఆస్బెస్టాస్ కలిసి ఉండే అవకాశం ఉంది, పరీక్ష చేయించేదాకా కదపకండి, మాస్క్ ఉంది కదా అని కూడా కదపకండి.

పనంతా అయ్యాక, ఇన్సులేషన్ పడకముందు, రెండు చేయించండి. మొదటిది మెగ్గర్ పరీక్ష, అంటే వైర్ల తొడుగు ఎక్కడైనా దెబ్బతిని కరెంటు లీకవుతోందా అని చూసేది. మామూలు ఇంటి సర్క్యూట్‌కి 500 వోల్టుల డీసీతో పెడతారు, లైట్లూ ఎలక్ట్రానిక్ వస్తువులూ విప్పేసి ఉంచాలి. బీఎస్ 7671 కనీసం 1 మెగాఓమ్ అడుగుతుంది, కానీ కొత్త కేబుల్ బాగుంటే అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి 1 దాటింది కదా అని తృప్తిపడకుండా ఎందుకు తక్కువ వచ్చిందో అడగండి. ఎక్కడైనా స్టేపుల్ నొక్కేసినా, ఎలుక కొరికినా చాలావరకు ఇక్కడే బయటపడుతుంది. దాంతోపాటు 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీనో (కరెంటు లీకైతే ఆపేసే బ్రేకర్), మీ దేశంలో దానికి సమానమైనదో ఆ సర్క్యూట్ల మీద ఉందా చూసుకోండి, వదులు జాయింట్ల నిప్పురవ్వలని పసిగట్టే ఆర్క్ ఫాల్ట్ బ్రేకర్ దొరికితే అటక కేబుళ్లకి అది నిజంగా పనికొచ్చే వస్తువు.

రెండోది ఫోటోలు. ప్రతి దూలం పక్కన, పక్కనే టేపు కొలత పెట్టి తీయండి. ఒక కాగితం మీద పటం గీసి దాని నకలు మూత లోపలి వైపు, ఇంకోటి మెయిన్ బోర్డు తలుపు లోపల అతికించండి, బాక్సులు ఎక్కడున్నాయో అందులో గుర్తు పెట్టండి.

ఇన్సులేషన్ వాళ్లకి ఇచ్చిన తేదీ లోపు ఎలక్ట్రీషియన్ దొరకకపోతే ఇన్సులేషన్ తేదీనే వెనక్కి జరపండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచేటప్పుడు మూడు సంగతులు ముందే చేతిలో పెట్టుకోండి: హీటర్ ఎన్ని వాట్లు, ఇన్సులేషన్ ఎన్ని మిల్లీమీటర్ల మందం, ఏ రకం. ఈ మూడూ అడగకుండానే కేబుల్ సైజు చెప్పేసేవాడిని కాకుండా, ఇవి అడిగి లెక్క వేసేవాడిని పెట్టుకోండి.